నాయకుడు మారితే యుద్ధం ఆగుతుందా? ట్రింకోమలీ నుంచి తిరిగొచ్చిన వాడి సమాధానం

విజయవాడ పటమట నుంచి ఒక అమ్మగారు పంపిన ప్రశ్న ఇది. వారి అబ్బాయి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో వైద్యవిద్య మూడో సంవత్సరంలో ఉండగా యుద్ధం మొదలైంది. 2022 మార్చిలో ఎలాగో ఇల్లు చేరాడు, మిగతా చదువు వేరే దేశంలో పూర్తి చేశాడు. ఖార్కివ్‌లో అతనితో ఒకే గదిలో ఉన్న ఉక్రెయిన్ కుర్రవాడు ఇప్పుడు సైన్యంలో ఉన్నాడు. ఏ దేశంలో ఎన్నికలు జరిగినా, ఏ నాయకుడు దిగిపోయినా "ఇక ఆగిపోతుందమ్మా" అంటూ అబ్బాయి తెల్లవార్లూ వార్తలు చూస్తున్నాడట. నాయకుడు మారితే యుద్ధం నిజంగా ఆగుతుందా, ఆగితే ఎన్నాళ్లకు ఆగుతుంది అని అడిగారు.

అమ్మా, నేను సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో 17 ఏళ్లు పనిచేసి హవల్దారుగా బయటికొచ్చాను. తర్వాత రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. చదివి గుంటూరులోనే ఒక కళాశాలలో పాఠాలు చెప్పాను. ఇప్పుడు బ్రాడీపేటలో విశ్రాంత జీవితం. మీ ప్రశ్నకు పుస్తకాల్లో సమాధానం ఉంది. కానీ నేను శ్రీలంకలో అలాంటి ఒక యుద్ధం మధ్యలో కూర్చుని, మా దేశంలోనూ అవతలి దేశంలోనూ నాయకులు మారడం రేడియోలో విన్నవాణ్ని. అందుకని ముందు అక్కడి సంగతే చెబుతాను.

1987 జూలై 29న కొలంబోలో మన ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే అక్కడి తమిళుల పోరు ఆపే ఒప్పందం మీద సంతకాలు చేశారు. మర్నాడే గౌరవ వందనం స్వీకరిస్తున్న రాజీవ్ మీద ఒక శ్రీలంక నావికుడు తుపాకీ మడమతో దెబ్బ వేశాడు. ఆ ఫొటో మీరు చూసే ఉంటారు. శాంతి సైన్యం పేరుతో వెళ్లిన మన వాళ్లు అక్టోబరుకల్లా జాఫ్నా వీధుల్లో, తమిళులకు ప్రత్యేక దేశం కోరే సాయుధ సంస్థ ఎల్టీటీఈతో పోరాడుతున్నారు. ఏ తమిళులను కాపాడటానికి వెళ్లామో వారి పిల్లలతోనే యుద్ధం. మన సైన్యం నాలుగు డివిజన్ల దాకా పెరిగింది. సుమారు 1,200 మంది మన సైనికులు అక్కడ చనిపోయారు.

"వి.పి. సింగ్ ప్రధాని అయి సైన్యాన్ని వెనక్కి పిలిచారు" అని మన దగ్గర చాలామంది అంటారు. నా విద్యార్థులు కూడా పరీక్షల్లో అలాగే రాసేవారు. తేదీలు వరసగా పెట్టి చూస్తే కథ వేరుగా ఉంటుంది. మొదట మారింది మన కుర్చీ కాదు, అవతలి కుర్చీ. 1989 జనవరి 2న ప్రేమదాస శ్రీలంక అధ్యక్షుడయ్యారు. 1987లో తాను ప్రధానిగా ఉండి కూడా ఆ ఒప్పంద కార్యక్రమానికి రాని మనిషి ఆయన. దక్షిణాన జేవీపీ అనే సింహళ వామపక్ష పార్టీ తిరుగుబాటుకు భారత సైన్యం ఉనికే ఆజ్యం పోస్తోందని ఆయన లెక్క. మేలో ఎల్టీటీఈతోనే చర్చలు మొదలుపెట్టారు. జూన్ 1న బహిరంగ సభలో జూలై ఆఖరుకల్లా భారత సైన్యం వెళ్లిపోవాలని ప్రకటించారు. మేము ఆ వార్తను శ్రీలంక తూర్పు తీరంలో ట్రింకోమలీ దగ్గర డేరాలో రేడియో చుట్టూ కూర్చుని విన్నాం. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎవరి ఆహ్వానం మీద వచ్చామో ఆ ప్రభుత్వమే పొమ్మంటోంది. మేము ఎవరితో పోరాడుతున్నామో వాళ్లతో అది మాట్లాడుతోంది.

రాజీవ్ వెంటనే ఒప్పుకోలేకపోయారు. ఒప్పందం మీద ఉన్నది ఆయన సంతకం. ఆ ఏడాది చివర్లో ఎన్నికలు. వెనక్కి వస్తే ఇంతమంది ఎందుకు చనిపోయారన్న ప్రశ్నకు ఆయనే జవాబు చెప్పాలి. యుద్ధం మొదలుపెట్టిన నాయకుడికి ఉండే బరువు అదే. అయినా జూలై 29న, సంతకాలైన సరిగ్గా రెండేళ్లకు, కొన్ని వందల మందితో మొదటి జట్టు వెనక్కి వచ్చింది. సెప్టెంబరు 18న రెండు ప్రభుత్వాలూ మిగతా ఉపసంహరణ మీద అవగాహనకు వచ్చాయి. అప్పటికి వి.పి. సింగ్ ఇంకా ప్రతిపక్షంలోనే ఉన్నారు. ఆయన డిసెంబరు 2న ప్రమాణం చేశారు. ఆయన చేసింది చిన్న పనేమీ కాదు. గడువు జారిపోకుండా, మధ్యలో మనసు మార్చుకోకుండా, 1990 మార్చి ఆఖరు అన్న మాటకు కట్టుబడ్డారు. మార్చి 24న ట్రింకోమలీ నుంచి చివరి జట్టు ఓడ ఎక్కింది. ఆయనకు ఆ పని తేలికైనది సంతకం తనది కాకపోవడం వల్ల.

పక్కనే ఒక విషయం. ఆ ఎన్నికల్లో వి.పి. సింగ్ ఉన్న నేషనల్ ఫ్రంట్ కూటమికి అధ్యక్షుడు మన ఎన్టీ రామారావు. కానీ ఆంధ్రప్రదేశ్‌లో 42 లోక్‌సభ స్థానాల్లో 39 కాంగ్రెసుకే దక్కాయి. దేశంలో ప్రభుత్వం మారింది, మన రాష్ట్రం ఓటు మరోవైపు పడింది. శ్రీలంక యుద్ధం గురించి గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఎవరైనా ఓటేశారని నేను అనుకోను. విదేశంలో జరిగే యుద్ధాలను చాలాసార్లు వాటితో సంబంధం లేని కారణాలతో వేసిన ఓట్లే మలుపు తిప్పుతాయి. బోఫోర్స్ ఫిరంగుల కుంభకోణం మీద కోపంతో వేసిన ఓటు మా ఓడ తేదీని ఖాయం చేసింది.

ఇప్పుడు మా డేరాలోకి రండి. యుద్ధం ముగుస్తోందని మాకు ప్రసంగాల వల్ల తెలియలేదు. సందేశాలు పంపేది, అందుకునేది మేమే కాబట్టి వైర్‌లెస్ సెట్టు దగ్గర కూర్చున్నవాడికి అన్నీ ముందే తెలుస్తాయి. అంతకుముందు పప్పు, పిండి, కిరోసిన్ మూడు నెలలకు సరిపడా అడిగేవాళ్లం. ఒక రోజు ఆదేశం వచ్చింది: ఇకమీదట నెలకు సరిపడానే అడగండి. తర్వాత వారం, కొత్త డేరాల కోసం పెట్టిన అర్జీ తిరిగొచ్చింది. ఆ తర్వాత, పాడైన జనరేటరును బాగుచేయించకుండా వెనక్కి పంపమన్నారు. మా సుబేదారు గారు చదువుకున్న మనిషి కాదు. ఆ మూడు కాగితాలు చూసి, "పండక్కి కాకపోయినా ఉగాదికి ఇంట్లో ఉంటాం" అన్నారు. సరిగ్గా అలాగే జరిగింది. నేను తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా, యుద్ధం ఎటు పోతోందో చెప్పడానికి ఆ మూడు కాగితాల కంటే మంచి ఆధారం నాకు దొరకలేదు.

మీరు విజయవాడ వారు కాబట్టి ఇంకో రకంగా చెబుతాను. ఎగువన పులిచింతలలో గేట్లు దించేశారని టీవీలో చెబుతారు. ఆ క్షణంలో మీరు ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి చూస్తే నీళ్లు అదే వేగంతో వస్తూ ఉంటాయి. దారిలో ఉన్న నీరంతా దిగివచ్చే దాకా కృష్ణలంక వాళ్లకు కంటి మీద కునుకు ఉండదు. యుద్ధంలో కూడా నాయకుడు గేటు దించడానికి, నీరు తగ్గడానికి మధ్య కాలం ఉంటుంది. ఆ కాలంలో చనిపోయేవాళ్లుంటారు. మా క్యాంపులో శ్రీకాకుళం జిల్లా కుర్రవాడు ఒకడు, సెప్టెంబరు అవగాహన కుదిరిన తర్వాత, వెనక్కి వెళ్లే లారీల కోసం దారి చూస్తూ ఎప్పుడో పాతిన మందుపాతర మీద కాలు పెట్టాడు. అతని సెలవు చీటీ మంజూరై మా డేరాలోనే ఉంది. పొద్దున్నే తీసుకోమని చెప్పాను, తిరిగొచ్చాక తీసుకుంటానన్నాడు.

ఆ మధ్యకాలం ఎంత ఉంటుందన్నదే మీ రెండో ప్రశ్న. దానికి మూడు యుద్ధాలు పక్కపక్కన పెట్టి చూడాలి.

ఉత్తర కొరియా, చైనా ఒకవైపు, దక్షిణ కొరియా, అమెరికా మరోవైపు పోరాడిన కొరియా యుద్ధంలో 1951 జూలైలోనే చర్చలు మొదలయ్యాయి. యుద్ధఖైదీలను వాళ్ల ఇష్టంతో నిమిత్తం లేకుండా తిప్పి పంపాలా వద్దా అన్న ఒక్క విషయం మీద నెలల తరబడి ఆగిపోయాయి. 1952 నవంబరులో ఐసెన్‌హోవర్ అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికై, డిసెంబరులో కొరియా వెళ్లి చూసొచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో సేనలు నడిపిన మనిషి గెలుపు లేకుండా సంధి చేసుకుంటే ఆయన్ని పిరికివాడని ఎవరంటారు? అంతకుముందున్న అధ్యక్షుడు ట్రూమన్ చేసుంటే అనేవారు. అయినా ఆయన రాకతోనే సంధి కుదరలేదు. 1953 మార్చి 5న అవతలి పక్షం వెనక ఉన్న సోవియట్ నేత స్టాలిన్ చనిపోయారు. ఆ నెలాఖరుకే చైనా ఖైదీల విషయంలో మెత్తబడింది. జూలై 27న కాల్పుల విరమణ జరిగింది. అంటే రెండు వైపులా కుర్చీలు మారాక దాదాపు ఐదు నెలలు. తిరిగి వెళ్లనని మొరాయించిన ఖైదీల బాధ్యత మన దేశం మీద పడింది. తటస్థ దేశాల సంఘానికి జనరల్ తిమ్మయ్య అధ్యక్షత వహించారు. మన సైనికులు వెళ్లి 22,000 మందికి పైగా ఖైదీలకు కాపలా కాశారు. నేను సైన్యంలో చేరిన కొత్తలో ఆ పనికి వెళ్లొచ్చిన పెద్దలు చెప్పిన కథలు విన్నాను.

అఫ్గానిస్తాన్ దీనికి భిన్నం. అక్కడ పోరాడుతున్నది సోవియట్ సైన్యం. 1985 మార్చిలో సోవియట్ యూనియన్‌లో గోర్బచేవ్ అధికారంలోకి వచ్చారు. ఆయన ఆ యుద్ధాన్ని మొదలుపెట్టలేదు, అది ఆయనకు ఇష్టమూ లేదు. అయినా మొదటి ఏడాది పోరాటం ముదిరిందే తప్ప తగ్గలేదు. సైన్యానికి ఇంకొక్క అవకాశం ఇచ్చి చూద్దామనుకున్నారు. కొత్త నాయకులు చాలామంది అక్కడే కాలం పోగొడతారు. 1986 నవంబరులో రెండేళ్లలో బయటికి రావాలని పార్టీ అగ్రనాయకత్వమైన పొలిట్‌బ్యూరో నిర్ణయించింది. 1988 ఏప్రిల్‌లో ఉపసంహరణకు జెనీవా ఒప్పందాలు, 1989 ఫిబ్రవరి 15న సోవియట్ సేనాని జనరల్ గ్రోమోవ్ సరిహద్దు నది అమూ దర్యా మీది వంతెన దాటడం. నాయకుడు వచ్చిన నాటి నుంచి చూస్తే నాలుగేళ్లు. ఇక్కడ నాకు ఎక్కువ ముఖ్యమనిపించేది తర్వాతి సంగతి. సోవియట్ సేనలు వెళ్లగానే అవి నిలబెట్టిన కాబూల్‌లోని నజీబుల్లా ప్రభుత్వం పడిపోతుందని అందరూ అనుకున్నారు. అది మూడేళ్లు నిలబడింది. 1991 ఆఖరుకు సోవియట్ యూనియనే లేకుండా పోయి, డబ్బు, ఇంధనం ఆగిపోయాక 1992 ఏప్రిల్‌లో పడిపోయింది. మా సుబేదారు గారి కాగితాలు గుర్తుకు తెచ్చుకోండి. మనుషులు కదలడం కంటే సరుకు ఆగడమే పెద్ద వార్త.

మూడోది వియత్నాం. 1969 జనవరిలో నిక్సన్ అమెరికా అధ్యక్షుడయ్యారు. యుద్ధం ముగిస్తానన్న ఆశ కల్పించి గెలిచిన మనిషి. పారిస్ ఒప్పందం మీద సంతకాలు 1973 జనవరి 27న పడ్డాయి. ఈ మధ్యలో 20,000 మందికి పైగా అమెరికన్ సైనికులు, అంతకు ఎన్నో రెట్ల మంది వియత్నాం ప్రజలు పోయారు. ఆయన సేనలను తగ్గిస్తూనే ఉన్నారు, "గౌరవంతో" బయటపడాలన్న పట్టుదల కూడా వదల్లేదు. ఆ గౌరవం ధర లెక్కపెట్టినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. ఇంకా గమనించాల్సింది అమెరికాతో పోరాడుతున్న ఉత్తర వియత్నాం రాజధాని హనోయ్ వైపు. 1969 సెప్టెంబరు 2న అక్కడి నాయకుడు హో చి మిన్ చనిపోయారు. ప్రపంచమంతా ఏమవుతుందో అని చూసింది. ఏమీ మారలేదు. అక్కడ యుద్ధాన్ని నడిపేది ఒక మనిషి మాట కాదు, లే డువాన్ వంటి వాళ్లతో కూడిన పార్టీ నాయకత్వం. అందరిదీ ఒకే సంకల్పం.

ఇక్కడే మీ ప్రశ్నకు నా సమాధానం ఉందమ్మా. కుర్చీ మారిందని తెలియగానే నేను వేసుకునే మొదటి ప్రశ్న, ఆ యుద్ధం కుర్చీలో కూర్చున్న మనిషిదా, కుర్చీ చుట్టూ ఉన్న వ్యవస్థదా అన్నది. 1762 జనవరిలో రష్యా మహారాణి ఎలిజబెత్ చనిపోయి మూడో పీటర్ రాగానే, రష్యాతో యుద్ధంలో ఓటమి అంచున ఉన్న ప్రష్యా (ఇప్పటి జర్మనీ ప్రాంతపు రాజ్యం) రాజు ఫ్రెడరిక్ బతికిపోయాడు. ఎందుకంటే ఆ యుద్ధం రాణిది, కొత్త రాజుకు ఫ్రెడరిక్ అంటే ఆరాధన. ఇప్పటి ప్రజాస్వామ్యాల్లో అలాంటిది అరుదు. బ్రిటన్‌నే చూడండి. ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు జాన్సన్ ప్రధాని. తర్వాత ట్రస్, ఆ తర్వాత సునాక్, 2024 జూలైలో స్టార్మర్. పార్టీ కూడా మారింది. ఉక్రెయిన్‌కు సాయం చేయాలన్న విధానం మాత్రం అలాగే ఉంది. మీ అబ్బాయి ఆ మూడు మార్పులప్పుడూ మేలుకుని ఉంటే, ఆ నిద్ర వృథా అయిందనే చెప్పాలి. అక్కడ ఆ అభిప్రాయం మనిషిది కాదు.

అమెరికా సంగతి వేరు. ట్రంప్ ఒక్క రోజులో ఆపేస్తానని చెప్పి 2025 జనవరి 20న పదవిలోకి వచ్చారు. ఆ మాట నమ్మి మీ ఇంట్లో ఆశపడ్డారని నాకు అర్థమైంది. నిజంగా మార్పు వచ్చింది కూడా. ఫిబ్రవరి 28న శ్వేతసౌధంలో జెలెన్‌స్కీతో గొడవ జరిగింది. మార్చి మొదట్లో ఆయుధ సాయం, నిఘా సమాచారం కొన్నాళ్లు నిలిపేశారు. 11న సౌదీ అరేబియాలోని జెడ్డాలో ఉక్రెయిన్‌తో మాట్లాడుకున్నాక తిరిగి ఇచ్చారు. ఆగస్టు 15న అలాస్కాలో పుతిన్‌ను కలిశారు. అయినా ఆ ఏడాది గడిచిపోయింది, యుద్ధం ఆగలేదు. కారణం నాకు స్పష్టంగానే కనిపిస్తోంది. అమెరికా ఆ యుద్ధానికి సరుకు ఇచ్చే దేశం. పోరాడుతున్న ఇద్దరిలో ఎవరూ మారలేదు. సరుకు ఇచ్చేవాడు మారితే ఒకవైపు బలం తగ్గవచ్చు, పెరగవచ్చు. రెండోవైపు వాడు దాన్ని చూసి, ఇంకాస్త ఆగితే ఇంకాస్త దొరుకుతుందని అనుకుంటే సంధికి ఎందుకు వస్తాడు? నాయకుడు మారతాడన్న ఆశే కొన్నిసార్లు యుద్ధాన్ని పొడిగిస్తుంది. ఎన్నికల దాకా లాగితే చాలనుకునేవాళ్లు ప్రతి యుద్ధంలోనూ ఉంటారు. మా ఎదురుగా ఉన్న ఎల్టీటీఈ కూడా 1989లో అదే చేసింది. మేము వెళ్లేవాళ్లమని తెలిశాక వాళ్లు మాతో పోరాడే అవసరమే లేకపోయింది. చేతులు ముడుచుకుని కూర్చుని, మేము వెళ్లిన తర్వాతి యుద్ధానికి సిద్ధమయ్యారు. 1990 జూన్‌లోనే అది మొదలైంది. ప్రేమదాస ఏ ఎల్టీటీఈతో మాట్లాడారో అదే తూర్పున లొంగిపోయిన వందలమంది పోలీసులను చంపింది. రాజీవ్ గాంధీని 1991 మే 21న శ్రీపెరంబుదూరులో, ప్రేమదాసను 1993 మే 1న కొలంబోలో చంపింది కూడా వాళ్లే.

మీ అబ్బాయికి చెప్పాల్సిన ఇంకో విషయం, బయటి సైన్యం వెళ్లిపోయినప్పుడు వెనక మిగిలేవాళ్ల గురించి. మమ్మల్ని నమ్ముకుని శ్రీలంక ఉత్తర, తూర్పు ప్రాంతాలకు కలిపి ఏర్పాటైన ప్రాంతీయ ప్రభుత్వంలో చేరిన తమిళులు, మా వెంట దారి చూపించడానికి వచ్చిన కుర్రవాళ్లు అక్కడే ఉండిపోయారు. దాని ముఖ్యమంత్రి వరదరాజ పెరుమాళ్ మన దేశానికి వచ్చేశారు. చిన్నవాళ్లకు ఓడలో చోటు ఎక్కడిది? మా క్యాంపు పక్కన ఒక విశ్రాంత బడిపంతులు ఉండేవారు. నాకు తమిళ అక్షరాలు నేర్పింది ఆయనే. బయల్దేరే ముందు రోజు చెప్పడానికి వెళ్తే, "పోయిట్టు వాంగో" అన్నారు. మనం "వెళ్లి రండి" అన్నట్టు. వాళ్లకు కూడా "వెళ్లండి" అని ఒంటి మాటగా అనడం అలవాటు లేదు. నేను మాత్రం "వస్తాను" అనలేకపోయాను. 2021 ఆగస్టులో కాబూల్ విమానాశ్రయం గోడల దగ్గర జనాన్ని టీవీలో చూసినప్పుడు నాకు కనిపించింది ఆయన మొహమే. అక్కడ కూడా అంతే. అమెరికా సైన్యం వెళ్లిపోవడానికి ట్రంప్ ప్రభుత్వం 2020 ఫిబ్రవరిలో దోహాలో తాలిబన్లతో ఒప్పందం మీద సంతకం చేసింది, బైడెన్ వచ్చి అమలుచేశారు. పార్టీలు బద్ధశత్రువులు, నిర్ణయం ఒకటే.

మరి మీ అబ్బాయి ఏం చూడాలి? రాత్రి మేలుకుని ఎన్నికల ఫలితాలు చూడనక్కర్లేదు. మాస్కోలో, కీవ్‌లో అధికారం చేతులు మారితే అది పెద్ద వార్తే. అప్పుడు కూడా, కొత్తగా వచ్చినవారు పాతవారి సంతకానికి బందీలా కాదా అని చూడాలి. మిగతా రాజధానుల్లో జరిగే మార్పుల్లో డబ్బు, ఫిరంగి గుండ్లు, నిఘా సమాచారం గురించిన నిర్ణయాలు చూస్తే చాలు. రెండు సైన్యాలూ కొత్తగా మనుషులను చేర్చుకోవడం తగ్గిస్తున్నాయా, ఖైదీల మార్పిడి పెద్ద ఎత్తున జరుగుతోందా అన్నవి ప్రసంగాల కంటే నమ్మదగినవి. అవి కనిపించిన తర్వాత కూడా నెలలు పట్టవచ్చు. కొరియాలా అయితే సగం ఏడాది, అఫ్గానిస్తాన్‌లా అయితే ఏళ్లు. ఇంతకంటే దగ్గరి లెక్క చెప్పేవాళ్లను నమ్మవద్దు.

నేను 1990 మార్చిలో ఓడ దిగి, మద్రాసు నుంచి రైల్లో విజయవాడ వచ్చి, గుంటూరు పాసింజరు ఎక్కాను. మంగళగిరి దాటాక కళ్లాల్లో ఎండుమిర్చి ఎర్రగా పరిచి ఉంది. ఒక ఆడమనిషి చెప్పులు లేకుండా ఆ మిర్చి మధ్యలో నడుస్తూ కాళ్లతో తిరగేస్తోంది. నేల వైపు చూడకుండా అడుగు వేస్తోంది. అలా అడుగు వేసే మనిషిని చూసి నాకు రెండేళ్లు దాటింది. కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. ఎదురు సీట్లో ఉన్న పెద్దాయన ఏ ఊరి నుంచి వస్తున్నావు బాబూ అని అడిగారు. శ్రీలంక అన్నాను. అక్కడ ఏం పని చేస్తావు అన్నారు. ఆయన తప్పేమీ లేదు, మా యుద్ధం ఇక్కడికి చేరలేదు.

ఆ రెండేళ్లలో నన్ను నిలబెట్టింది మా అమ్మ రాయించిన ఇన్‌లాండ్ ఉత్తరాలు. ఆర్మీ పోస్టాఫీసు నంబరు మీద రెండు మూడు వారాలకు చేరేవి. అందులో రాజకీయం ఉండేది కాదు. బర్రె ఈనిందని, మినుములు ఎంతకు అమ్మామని, చెల్లెలికి ఫలానా సంబంధం వచ్చిందని ఉండేది. మీ అబ్బాయిని ఆ మిత్రుడికి వారానికి ఒక్కసారైనా రాయమనండి. ఎవరు గెలిచారో, సంధి ఎప్పుడో అడగవద్దు. వాళ్లు ఉన్న గది, వండుకున్న అన్నం, కలిసి చదివిన పాఠం, పటమటలో వాన పడిందా లేదా, ఇవే రాయమనండి.